ఆ ఫోటోలో భుజం ఎవరిది?

కృష్ణానగర్‌లో ఒక పాత మేడ. పై వాటా. మెట్లెక్కి హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా గోడమీద ఒక కుర్రాడి ఫోటో కనిపిస్తుంది. గళ్ళ చొక్కా, మెడలో తాడు కట్టిన కార్డు, చంకలో రైటింగ్ ప్యాడ్. కెమెరాకేసి కాదు, ఎటో పక్కకి చూసి నవ్వుతున్నాడు. ఫోటోకి కుడివైపు చివర ఎవరిదో భుజం. నల్లకోటు వేసుకున్న భుజం.

ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా మీలాంటి సినిమా పిచ్చి వున్న కుర్రకారు, దండ వేసిన ఆ ఫోటో చూసి నాలుగు క్షణాలు మౌనంగా వుంటారు. అయిదో క్షణంలో వుండబట్టలేక అడుగుతారు: "సార్, ఆ భుజం ఎవరిది?"

చెబితే మీరు ఎగిరి గంతేస్తారు. అందుకే చెప్పను. ఈ వ్యాసం భుజం గురించి కాదు.

ఆ కుర్రాడు నా మిత్రుడి కొడుకు. ఒక్కగానొక్క కొడుకు. మేమంతా చిన్నా అని పిలిచేవాళ్ళం. రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో, ముప్పయ్యొకటో యేట, పోయాడు. అసలు పేరు రాద్దామనుకున్నాను. వాళ్ళమ్మ వద్దంది. "చదివేవాళ్ళకి చిన్నా చాలు అన్నయ్యగారూ, పెద్దపేరు మాకుంచండి" అంది. సరే అన్నాను.

నా మిత్రుడు స్టిల్ ఫోటోగ్రాఫరు. అతని పేరు చెప్పినా మీకు తెలియదు. అతను తీసిన ఫోటోలు మాత్రం మీ అమ్మానాన్నలకి బాగా తెలుసు. సినిమాహాలు వరండాలో గాజుపెట్టెల్లో పెట్టేవారే, ఆ ఫోటోలు! టిక్కెట్టుకి డబ్బుల్లేని రోజుల్లో వాటిని చూసే సినిమా కథంతా అల్లేసుకున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

1979లో మద్రాసులో పరిచయం. నేను పత్రికలకి కబుర్లు రాసేవాణ్ణి, అతను బొమ్మలు తీసేవాడు. వడపళనిలో ఒకే గది, ఒకే బక్కెట్టు. అతని దగ్గర రెండు కళ్ళ యాషికా కెమెరా వుండేది. రోలుకి 12 బొమ్మలు. ఈ రోజుల్లో ఒక్క షాటుకి రెండువందలు నొక్కుతున్నారు, అప్పుడు పన్నెండుతో సరిపెట్టాలి. డైరెక్టరు "కట్, ఓకే" అన్నాక లైట్లు ఆర్పేలోగా "స్టిల్ ప్లీజ్!" అని కేకెయ్యాలి. హీరో హీరోయిన్లు మళ్ళీ అదే భంగిమలో నిలబడాలి. కొందరు బుద్ధిగా నిలబడతారు. కొందరు "రేపు చూద్దాంలే" అని కారెక్కేస్తారు. (ఎవరో అడక్కండి!) తీసిన ప్రతి రోలుకీ ఒక నంబరు వేసి, ఏ సినిమా, ఏ రోజు, బొమ్మలో ఎవరెవరు వున్నారు అన్నది పొడుగాటి రిజిస్టర్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేవాడు. ఆ రిజిస్టరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1984లో మేమిద్దరం మౌంట్‌రోడ్డులో "సారాంశ్" చూశాం. మహేశ్ భట్ తీసిన హిందీ సినిమా. అమెరికాలో కొడుకుని పోగొట్టుకున్న ఒక రిటైర్డు మాస్టారి కథ. కొడుకు చితాభస్మం విడిపించుకోవడానికి ఆ ముసలాయన కస్టమ్స్ ఆఫీసులో పడే అవస్థ మీలో ఎవరైనా చూస్తే మరిచిపోలేరు. ఆ ముసలాయన వేషం వేసిన అనుపమ్ ఖేర్‌కి అప్పటికి ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదంటే మేం నమ్మలేదు. బయటికొచ్చాక నా మిత్రుడు అన్నదేమిటో తెలుసా? "మేకప్ అదిరింది, లైటింగ్ ఇంకా అదిరింది." నేను కూడా అదే రాశాను. ఇద్దరం పెళ్ళికాని వాళ్ళం. మాకంతకంటే ఏం తెలుసు?

పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకి మకాం మార్చుకుంటున్న రోజుల్లో వీళ్ళూ వచ్చేశారు. అప్పటికి చిన్నాకి రెండేళ్ళు. తండ్రి కెమెరా తుడుచుకుంటుంటే ఎదురుగా నిలబడి "తిల్ ప్లీజ్! తిల్ ప్లీజ్!" అని అరిచేవాడు. వీధిలో ఎవరినీ కదలనిచ్చేవాడు కాదు. కూరగాయల బండతన్ని కూడా!

అలాంటివాడు పెద్దయి బ్యాంకులో చేరతాడా? డిగ్రీ పూర్తి కాగానే అసిస్టెంటు డైరెక్టరు అవుతానన్నాడు. తండ్రికి ఇష్టమే, కానీ ఒక షరతు. "ఎవరి సిఫార్సూ వుండకూడదు. నేను ఎవరికీ ఫోన్ చెయ్యను, నువ్వు నా పేరు చెప్పకూడదు." చిన్నా ఆ మాట మీదే నిలబడి క్లాప్ బోర్డు పట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఏ సీనులో హీరోయిన్ ఏ గాజులు వేసుకుందో, హీరో చొక్కా ఎన్నో గుండీ దాకా పెట్టుకున్నాడో ప్యాడ్ మీద రాసుకోవడం, షాటుకి ముందు జూనియర్ ఆర్టిస్టులని నిలబెట్టడం, అర్ధరాత్రి ఎవరికో కాఫీ దొరకలేదంటే తిట్లు తినడం... అసిస్టెంటు బతుకంటే అదే కదా. మధ్యలో రెండేళ్ళు పనిలేక ఖాళీగా కూర్చున్నాడు. అప్పుడు నేనొక పెద్ద కంపెనీకి ఫోన్ చేశాను. చిన్నాని తీసుకున్నారు. "మీ నాన్నకి చెప్పకురా" అన్నాను.

ఆ సినిమాకి మూడు వారాలపాటు రాత్రి షూటింగులు. వూరి బయట సెట్. సాయంత్రం మొదలుపెడితే తెల్లవారుజామున పేకప్. పెద్దవాళ్ళకి కార్లు, మిగతావాళ్ళకి ఎవరి బండి వాళ్ళది. పందొమ్మిదో రాత్రి పని ముగించుకుని మోటారుసైకిల్ మీద వస్తున్నాడు. నిద్ర ముంచుకొచ్చినట్టుంది. డివైడర్ని కొట్టుకున్నాడు. హెల్మెట్ పెట్టుకునే వున్నాడు. ఎదురుగా బండి లేదు, లారీ లేదు, తాగినవాడు లేడు. రోడ్డు, నిద్ర, అంతే.

1965లో వచ్చిన "వీరాభిమన్యు" మీలో కొందరు టీవీలోనైనా చూసి వుంటారు. శోభన్‌బాబు అభిమన్యుడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన అర్జునుడికి కొడుకు లేడని తెలుస్తుంది. ఆ దుఃఖం కాసేపట్లోనే ప్రతిజ్ఞ అయిపోతుంది. రేపు సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపుతాను! హాల్లో చప్పట్లు. మా ఇళ్ళల్లో పుత్రశోకానికి ఆ సదుపాయం లేదు. సైంధవుడు లేడు. ప్రతిజ్ఞ ఎవరిమీద చేస్తాం?

జూబిలీహిల్స్ మహాప్రస్థానంలో కన్నకొడుక్కి నా మిత్రుడు తలకొరివి పెట్టాడు. దాని గురించి రాయను.

కానీ మూడోరోజు సంగతి రాయాలి. పెద్దకర్మకి కార్డు వెయ్యాలి, ఫ్లెక్సీ కట్టాలి. ఫోటో కావాలి. నలభయ్యేళ్ళుగా లక్షల ఫోటోలు తీసిన మనిషి ఇంట్లో పెద్దవాడైన కొడుకు ఫోటో ఒక్కటి సరైనది దొరకలేదు! బారసాల ఫోటోలున్నాయి. అక్షరాభ్యాసానివి వున్నాయి. పదో తరగతి తర్వాత లేవు. సెల్‌ఫోనులో వున్నవి చూపిస్తే ఫ్లెక్సీ షాపు కుర్రాడు పెదవి విరిచి "పెద్దది చేస్తే పగిలిపోద్ది సార్, ఒరిజినల్ లేదా?" అన్నాడు. పాపం, వాడి తప్పేముంది. నా మిత్రుడు ఇంటికొచ్చి హార్డ్‌డిస్కులు ముందేసుకుని కూర్చున్నాడు. చిన్నా పనిచేసిన ఒక సినిమాకి తండ్రే స్టిల్స్ తీశాడు. ఆ వర్కింగ్ స్టిల్స్ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాడు. ప్రతిదాంట్లోనూ మధ్యలో హీరో. చిన్నా ఎక్కడో అంచున. సగం మొహం, లేదా చెయ్యి, లేదా వీపు. తెల్లవారేసరికి ఒక్కటి దొరికింది. హీరో పక్కన నిలబడి ఎవరో జోకు వేస్తే నవ్వుతున్నాడు. హీరోని కత్తిరించాడు. భుజం మిగిలింది.

"జీవితంలో మొదటిసారి హీరోని తీసేసి అసిస్టెంటుని వుంచాన్రా" అన్నాడు నాతో. అది నవ్వు కాదు, ఏడుపు కాదు.

పెద్దకర్మ రోజు హాలు నిండా మనుషులు. అందరూ మంచివాళ్ళే. "మంచివాళ్ళనే దేవుడు ముందు తీసుకుపోతాడు" అన్నారొకరు. "కాలమే మందు" అన్నారు ఇంకొకరు. "ఇంకొక పిల్లాడుంటే బావుండేది" అని కూడా అన్న మహానుభావుడున్నాడు. అయిదు నిమిషాల్లో మాటలు అయిపోయాయి. తర్వాత ఆ వారం రిలీజైన సినిమా వసూళ్ళ గురించి మాట్లాడుకున్నారు. నేనూ మాట్లాడాను. చిన్నా పేరెత్తితే తండ్రి ఎక్కడ కూలబడిపోతాడోనని భయం. మా భయంకొద్దీ ఆ పేరు ఇంట్లోంచి మేమే తుడిచేశాం.

ఇక నేను... నేను వెళ్ళడం మానేశాను. నాలుగు నెలలు. పళ్ళనొప్పి అని, పండగని, వూళ్ళో లేనని. అసలు కారణం మీకు ఈపాటికే అర్థమై వుంటుంది. ఆ కంపెనీకి ఫోన్ చేసింది ఎవరు?

ఆ నాలుగు నెలలూ ఏ సినిమా చూస్తున్నా బుర్రలో వేరే రీలు తిరిగేది. కోట శ్రీనివాసరావుగారి కొడుకు ప్రసాద్ అప్పుడప్పుడే "సిద్ధం", "గాయం-2" సినిమాల్లో నటించి పైకొస్తూ, 2010 జూన్‌లో మోటారుసైకిల్ ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత కోట ఎన్ని సినిమాల్లో నటించలేదు! 2013లో "అత్తారింటికి దారేది" వచ్చినప్పుడు హాల్లో జనం విరగబడి నవ్వుతుంటే వాళ్ళతోబాటు నేనూ నవ్వాను. ఆయన 2025 జూలైలో కన్నుమూశారు. ఇప్పుడా సినిమా టీవీలో వస్తే ఆయన మొహం మేకప్ లేకుండా ఎలా వుండేదో అని చూస్తున్నాను. 2003లో బాబూమోహన్‌గారి పెద్దబ్బాయి, 2014 డిసెంబరులో హరికృష్ణగారి పెద్దబ్బాయి జానకిరామ్, ఇద్దరూ రోడ్డుమీదే. ఈ వార్తలన్నీ నేను పత్రికలకి రాసినవాణ్ణే. "తీరని లోటు" అని రాసేవాణ్ణి. ఆ మాట కంపోజింగులో ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది.

గజల్ గాయకుడు జగ్‌జీత్‌సింగ్ కొడుకు వివేక్ 1990లో కారు ప్రమాదంలో పోయాడు. ఇంకా కుర్రవాడే. ఆ తర్వాత తల్లి చిత్రాసింగ్ పాడటం మానేసింది. తండ్రి 2011లో పోయేదాకా పాడుతూనే వున్నాడు. ఒకే ఇల్లు, ఒకే దెబ్బ. ఎవరిది ప్రేమ ఎక్కువ అని ఎవడైనా అడిగితే వాడి నోరు మూయించాలి. నా మిత్రుడింట్లో ఇది తల్లకిందులైంది. ఆవిడ పదిహేనోరోజున ట్యూషను పిల్లల్ని మళ్ళీ పిలిచింది. అతను కెమెరా సంచి జిప్పు తియ్యలేదు.

అయిదో నెలలో ఆవిడే ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, కాఫీపొడి కొత్తది తెచ్చాను. మీరు రాకపోతే పాడైపోతుంది."

వెళ్ళాను. ఆవిడ వంటింట్లో వుంది. మేమిద్దరం ఆ ఫోటో కింద కూర్చున్నాం. ఫ్యాన్ తిరుగుతోంది. ఎంతసేపని ఫ్యాన్ కేసి చూస్తాం? కళ్ళు మూసుకుని అనేశాను.

"ఆ కంపెనీకి ఫోన్ చేసి చిన్నాని పెట్టించింది నేనురా."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"వాడే చెప్పాడు. నువ్వు చెప్పొద్దన్నావట కదా, ఆ సంగతి కూడా చెప్పాడు. వాడి కడుపులో మాట దాగుతుందా?"

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? పదిరోజులు వుంది. నీ మీద, ఆ కంపెనీ మీద, బండి కొనిచ్చిన నా మీద. తర్వాత ఓపిక లేకపోయింది. నువ్వు రాకపోయినందుకు వచ్చిన కోపం మాత్రం ఇంకా వుంది."

ఏం చెప్పను? తలొంచుకున్నాను. కాసేపటికి అతనే అన్నాడు.

"చిన్నా గురించి నాకు తెలియనిది ఏదైనా వుంటే చెప్పు."

నాకు అర్థం కాలేదు.

"ముప్పయ్యొక్కేళ్ళ వాడురా. ఇంట్లో నాకు తెలిసింది సగమే. మిగతా సగం సెట్లమీద, టీకొట్ల దగ్గర, మీ ఆఫీసులో వుంది. ఇక వాడు ఇంటికొచ్చి కొత్త కబురు చెప్పడు. రావాలంటే మీ దగ్గర్నుంచే రావాలి. మీరేమో వాడి పేరెత్తితే నేను చచ్చిపోతానన్నట్టు నోళ్ళు కుట్టేసుకు తిరుగుతున్నారు."

నిజం చెప్పొద్దూ, నా దగ్గర ఒకటి వుంది.

అంతకు నాలుగేళ్ళ ముందు వర్షాకాలంలో చిన్నా మా ఆఫీసుకి వచ్చాడు. పొట్లం నిండా వేడివేడి పునుగులు. ఒక కథ చెప్పాడు. అందులో హీరో స్టిల్ ఫోటోగ్రాఫరు! మధ్యలో ఆగి "బాబాయ్, మద్రాసులో మా నాన్న ఎవర్నైనా ప్రేమించాడా? సెకండాఫ్‌కి కావాలి" అన్నాడు. సెకండాఫ్ కష్టాలు పగవాడిక్కూడా వద్దు కదా, పోనీ అని చెప్పాను. ఒక గ్రూప్ డాన్సరు వుండేది. రెండోవరసలో ఎడంనుంచి మూడో అమ్మాయి. మనవాడు ఒకరోజు పాట షూటింగులో ఒక రోలు మొత్తం, పన్నెండుకి పన్నెండు బొమ్మలూ, ఆ అమ్మాయినే తీశాడు. హీరోయిన్‌కి ఒక్కటీ లేదు! కాంటాక్టు ప్రింటు ప్రొడక్షన్ మేనేజరు చేతికి వెళ్ళింది. రోలు ఖరీదు జీతంలో కోసేశారు. ఆ అమ్మాయికి ఈయనగారి పేరైనా తెలుసో లేదో! ఇది విని చిన్నా నవ్వీ నవ్వీ పునుగు గొంతుకి అడ్డంపడి, నేను వీపుమీద గుద్దాల్సి వచ్చింది. "ఇప్పుడు ఇంటికెళ్ళి నాన్న మొహం ఎలా చూడను బాబాయ్" అంటూ వానలోనే వెళ్ళిపోయాడు.

ఇదంతా చెప్పి తలెత్తాను. నా మిత్రుడు కుర్చీలో ముందుకి వచ్చి కూర్చున్నాడు.

"పునుగులా? వానరోజా?"

"అవును."

"ఒరే... ఆ రాత్రి అన్నం తింటూ నావంక చూడటం, నవ్వడం. మజ్జిగ పోసుకుంటూ మళ్ళీ నవ్వడం. 'ఏమిట్రా ఆ ఇకఇకలు, అన్నం ముందు' అని కసిరాను. కంచం తీసుకుని వంటింట్లోకి పోయి అక్కడా నవ్వాడు. ఎందుకో చెప్పలేదు. ఇదా!"

ఇప్పుడు అతను నవ్వుతున్నాడు. భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. నవ్వుతూనే కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు.

వంటింట్లోంచి గొంతు వినిపించింది. "పన్నెండు ఫోటోలా! మన పెళ్ళికి ఎన్ని తీయించారు?"

"ఎనిమిది" అన్నాడతను కండువాలోంచే.

కాఫీ కొంచెం ఆలస్యంగా వచ్చింది. పంచదార తక్కువైంది. మేమిద్దరం నోరెత్తకుండా తాగాం.

ఆ మర్నాడే నా మిత్రుడు అటకమీంచి పాత స్టిల్స్ రిజిస్టరు దింపించాడు. చివర్లో అరవై డెబ్భై పేజీలు ఖాళీ వున్నాయి. రోలు నంబరు రాసే గళ్ళో తేదీ, సినిమా పేరు రాసే గళ్ళో చెప్పిన మనిషి పేరు, వివరాల గళ్ళో చిన్నా సంగతి. మొదటి ఎంట్రీ నాది: పునుగులు. తర్వాత నేను తెలిసినవాళ్ళకల్లా ఫోన్లు చేశాను. ఈసారి సిఫార్సు చెయ్యడానికి కాదు. "చిన్నా గురించి ఏమైనా గుర్తుంటే ఆదివారం కాఫీకి రండి" అని. రారనుకున్నాను. వచ్చారు. వాళ్ళూ చెప్పడానికి చోటులేకే ఆగినట్టున్నారు.

ఒక జూనియర్ ఆర్టిస్టు చెప్పింది, ఎండలో నాలుగు గంటలు నిలబెట్టిన రోజున చిన్నా తన గొడుగు ఇచ్చి, డైరెక్టరు చేత తిట్లు తిన్నాడని. ఒక డ్రైవరు చెప్పాడు, చిన్నా పాట పాడితే కారు ఆపేసేవాళ్ళమని, అంత ఘోరంగా పాడేవాడని. ఇంకొకతను మొహమాటపడుతూ, ఒకసారి కంటిన్యుటీ తప్పు తనదే అయినా చిన్నా నోరు మెదపకుండా ఆ తిట్లు ఒక కాస్ట్యూమ్ కుర్రాడి మీదకి పోనిచ్చాడని చెప్పాడు. గది నిశ్శబ్దమైపోయింది. ఎందుకు చెప్పాడా అనుకున్నాను నేను. నా మిత్రుడు మాత్రం కళ్ళజోడు సవరించుకుని అదీ రాశాడు. రాసి, "ఆ కాస్ట్యూమ్ కుర్రాడి ఫోన్ నంబరు వుందా?" అన్నాడు.

ఒక డిజైనరు అబ్బాయి వచ్చి "అంకుల్, ఆ భుజం కంప్యూటర్లో తీసేస్తాను, పది నిమిషాల పని" అన్నాడు. "వద్దు నాన్నా. ఆ రోజు వాడు ఆయన పక్కనే నిలబడ్డాడు. ఎందుకు తీసెయ్యడం?" అన్నాడు నా మిత్రుడు.

కెమెరా సంచి ఇంకా మూలనే వుంది. దాన్ని గురించి నేను అడగను.

మొన్న ఆదివారం ఆ కాస్ట్యూమ్ కుర్రాడే వచ్చాడు. తిట్ల సంగతి ఎత్తితే "అదెప్పుడో మర్చిపోయా సార్, మర్నాడే సారీ చెప్పి బిర్యానీ తినిపించాడు" అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"సార్... చిన్నా నాకు పద్దెనిమిది వందలు ఇవ్వాలి. అడగడానికి రాలేదు. ఏదైనా చెప్పమన్నారని చెబుతున్నా."

నా మిత్రుడి మొహం వెలిగిపోయింది. అబద్ధం కాదు, వెలిగిపోయింది! "ఎందుకు తీసుకున్నాడు?"

"తెలీదు సార్. అర్జంటు అన్నాడు. నాన్నకి చెప్పకు అన్నాడు."

డబ్బులిస్తే ఆ అబ్బాయి పుచ్చుకోలేదు. నా మిత్రుడు రిజిస్టరు తీసి, తేదీ వేసి, పేరు రాసి, "రూ. 1,800. ఎందుకు?" అని రాశాడు. పక్కన గడి ఖాళీగా వుంచాడు. వాళ్ళావిడ వంటింటి గుమ్మంలో నిలబడి "నా చీర కొన్నాడే, నా పుట్టినరోజుకి, అదయ్యుంటుందా?" అంది. "అది అంతకుముందు" అన్నాడతను. ఇద్దరూ నెలలు లెక్కపెట్టుకుంటూ వాదించుకోవడం మొదలుపెట్టారు. నేను చెప్పులు వేసుకున్నాను.

వచ్చే ఆదివారం ఒక మేకప్ అసిస్టెంటు వస్తానన్నాడు. అతనికేమైనా తెలుసేమో అడగాలి.